లైన్ క్లియర్ ఇవ్వని స్టేషను



బిలాస్‌పూర్ నుంచి రాయ్‌పూర్ వెళ్ళే రోడ్డు మీద, ఊరు దాటాక బోద్రీ వస్తుంది. చిన్న పట్టణం. ఛత్తీస్‌గఢ్ హైకోర్టు ఉన్నది ఇక్కడే. పేపర్లవాళ్ళు బిలాస్‌పూర్ హైకోర్టు అని రాస్తారు గానీ ఆ గేటు తెరుచుకునేది మా బోద్రీలో. పక్కన చకర్‌భాఠా. అక్కడ సింధీల దుకాణాలు, 2021 నుంచి ప్రయాణికుల విమానాలు దిగుతున్న చిన్న ఎయిర్‌పోర్టు. రైల్వేలో సెక్షన్ కంట్రోలర్‌గా రిటైరై నేను ఇక్కడ రెండు గదుల ఇల్లు కట్టుకున్నాను. మా నాన్న బొబ్బిలి దగ్గర పల్లె నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వేలో ఖలాసీగా వచ్చాడు. ఖరగ్‌పూర్, చక్రధర్‌పూర్, బిలాస్‌పూర్, నాగపూర్... ఆ కంపెనీ పట్టాలు ఎక్కడిదాకా పోతే మన ఉత్తరాంధ్రవాళ్ళు అక్కడిదాకా పోయారు. ఇక్కడివాళ్ళకి తెలుగువాడైతే చాలు, ఇంటిపేరు ఏదైనా 'రావ్ జీ'యే. నేనూ రావ్ జీనే. నా పేరులో రావు లేదు.

ఈ రోజు నన్ను మాట్లాడమన్న విషయం చాలా పెద్దది. మనకి పోటీగా నిలబడ్డ దేశం అంతర్జాతీయ సంస్థల్లో కూర్చుని చేసే పనుల గురించి మామూలు జనం ఏమనుకుంటున్నారు? ఇక్కడొక చిన్న ఇబ్బంది ఉంది. ఆకాశవాణిలో మాట్లాడేవాళ్ళకి ఒక నియమావళి ఉంది. అందులో మొట్టమొదటి నిషేధం, మిత్రదేశాల మీద విమర్శ చేయకూడదని. చైనా మనకి మిత్రదేశమా కాదా అన్నది నేను తేల్చే పని కాదు. అందుకని నేను చైనాని విమర్శించను. మా హైకోర్టు ఎదుట చాయ్ బండి దగ్గర విన్నది చెబుతాను, దాని మీద నాకు తోచింది చెబుతాను.

2019 మార్చి 14, గురువారం. పొద్దున్న తొమ్మిదిన్నర. కోర్టు గేటు ముందు వకీళ్ళ కార్లు ఆగుతున్నాయి, మున్షీలు ఫైళ్ళ కట్టలు చంకన పెట్టుకుని పరిగెడుతున్నారు. బండి మీద ఆలూగుండాలు వేగుతున్నాయి. అంటే మన బొండాలే, ఛత్తీస్‌గఢ్‌లో ఆ పేరు. దుకాణంవాడి ఫోన్లో వార్త మోగుతోంది. మసూద్ అజర్‌ని ఉగ్రవాదుల జాబితాలో చేర్చాలన్న ప్రతిపాదనని చైనా మళ్ళీ ఆపేసింది. పుల్వామాలో నలభై మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయి అప్పటికి సరిగ్గా నెల. ఆ పని మేమే చేశామని చెప్పుకున్న జైష్-ఎ-మొహమ్మద్‌కి అధిపతి ఈ అజర్.

చకర్‌భాఠా సింధీ వ్యాపారి ఒకాయన రోజూ కోర్టు క్యాంటీన్‌కి సరుకు దింపడానికి వస్తాడు. ఆయన గ్లాసు బల్ల మీద కొట్టి, 'చైనాని ఐక్యరాజ్యసమితి నుంచి గెంటెయ్యాలి' అన్నాడు. రిటైర్డ్ లోకో పైలట్ ఒకడు, పలాసవాడు, చుట్టరికం లేకపోయినా నన్ను బావా అంటాడు, 'గెంటడమేటి బావా, మనమే బైటికొచ్చెద్దుం. ఏటి ఒరిగింది అందులో ఉండి?' అన్నాడు. పక్కన ఒక ముసలి మున్షీ, ముప్ఫై ఏళ్ళుగా వకీళ్ళ దగ్గర పనిచేస్తున్నవాడు, నింపాదిగా ఆలూగుండా చట్నీలో ముంచుకుంటూ, 'రావ్ జీ, ఇది స్టే. స్టేని తిట్టి ఏం లాభం? వెకేట్ చేయించుకోవాలి' అన్నాడు.

గెంటెయ్యడం, వచ్చెయ్యడం, వెకేట్ చేయించడం. చైనా గురించి మన దేశంలో ఎన్ని టీవీ చర్చలు జరిగినా, ఎంత గొంతు చించుకున్నా, ఈ మూడిటిలో ఏదో ఒకటే చెబుతున్నారని నాకు ఆ తరవాత అర్థమైంది. మున్షీ మాట దగ్గరగా ఉంది గానీ స్టే అన్న పోలిక నాకు పూర్తిగా నచ్చలేదు. నాకు తెలిసిన పోలిక వేరే ఉంది. దానికి రైల్వే ముచ్చట కొంచెం చెప్పాలి, ఓర్చుకోండి.

మేం నడిపిన పద్ధతిలో రెండు స్టేషన్ల మధ్య ఒక లైను మీద ఒక సమయంలో ఒకే బండి ఉండాలి. వెనక స్టేషను మాస్టరు ముందు స్టేషనుకి గంట కొట్టి అడుగుతాడు, బండి పంపించనా అని. ముందు స్టేషనువాడు తన లైను ఖాళీగా ఉందో లేదో చూసుకుని లైన్ క్లియర్ ఇస్తాడు. పాత సింగిల్ లైన్లలో అయితే మిషన్‌లోంచి ఒక ఇనప గోళా బయటికి వచ్చేది, దాన్ని తోలు సంచిలో పెట్టి వెదురు రింగుకి తగిలించి డ్రైవరు చేతికి ఇచ్చేవాళ్ళు. ఆ గోళా చేతిలో లేకుండా బండి కదిలిస్తే డ్రైవరు ఉద్యోగం పోయినట్టే. నేను కంట్రోల్‌లో కూర్చుని ఫోన్లో ఎంత అరిచినా, బండిలో జనరల్ మేనేజరే ఉన్నా, ఎదుటి స్టేషను మాస్టరు లైన్ క్లియర్ ఇవ్వకపోతే బండి వెనక స్టేషన్లోనే నిలబడాల్సిందే. ఎండాకాలం మధ్యాహ్నం అలా ఆగిన బండిలో కూర్చున్నవాళ్ళకి ఆ స్టేషను మాస్టరు మీద ఎలా ఉంటుందో మీకు తెలుసు.

ఐక్యరాజ్యసమితిలోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది. భద్రతామండలి 1999లో 1267 నంబరు తీర్మానం చేసి ఒక కమిటీ పెట్టింది. మండలిలో ఉన్న 15 దేశాలే అందులోనూ సభ్యులు. ఎవరినైనా ఉగ్రవాదుల జాబితాలో చేర్చాలంటే కాగితం అందరికీ తిప్పుతారు. గడువులోగా ఒక్కరూ అడ్డు చెప్పకపోతే పేరు ఎక్కుతుంది. ఒక్కరు 'ఆగండి' అన్నా ఆగాలి. దానికి టెక్నికల్ హోల్డ్ అని పేరు. ఆరు నెలలు, ఆ పైన ఇంకో మూడు నెలలు, ఆ తరవాతా అడ్డుపడితే సరాసరి తిరస్కారం. అజర్ పేరు 2009లో మనదేశం పెట్టింది, ఆగింది. 2016లో పఠాన్‌కోట్ దాడి తరవాత పెట్టింది, ఆగింది. 2017లో అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్ పెట్టాయి, ఆగింది. 2019లో ఇదుగో, నాలుగోసారి. పదేళ్ళు కదలకుండా నిలబడ్డ బండి అది.

ఇక్కడే నా పోలిక ఒక చోట సరిపోదు. ఆ సరిపోని చోటే నేను చెప్పదలచుకున్నది ఉంది. మా స్టేషను మాస్టరు లైన్ క్లియర్ ఇవ్వకపోతే రిజిస్టర్లో రాయాలి. ఏ గంటకి అడిగారు, ఎప్పుడు ఇచ్చాను, ఎందుకు ఆపాను. మర్నాడు బండి ఆలస్యం మీద డివిజన్ ఆఫీసు అడుగుతుంది, జవాబు చెప్పాలి. నేను చూస్తుండగానే ఒక మాస్టారు, మంచి పనివాడే, పధ్నాలుగు నిమిషాలకి లెక్క చెప్పలేక ఛార్జిషీటు తీసుకున్నాడు. 1267 కమిటీలో అడ్డు చెప్పినవాడు జనానికి ఏమీ చెప్పనక్కర్లేదు. తలుపులు మూసిన గది. మాకు ఇంకా సమాచారం కావాలి, సంప్రదింపులు కావాలి అని బయట ఒక ముక్క అంటే చాలు. ఎవరు ఆపారన్నది కూడా దౌత్యవేత్తలు విలేకరుల చెవిలో చెబితేనే బయటికి వచ్చేది.

మా సింధీ ఆయన మాట ముందు తీసుకుంటాను. గెంటెయ్యడానికి సమితి చార్టర్‌లో దారి లేకపోలేదు, ఆరో అధికరణం ఉంది. సర్వసభ్యసభ ఒక దేశాన్ని వెలివేయవచ్చు, కానీ భద్రతామండలి సిఫారసు మీద. మండలిలో చైనాకి వీటో ఉంది. అంటే చైనాని గెంటడానికి చైనాయే లైన్ క్లియర్ ఇవ్వాలి. ఇది విని ఆయన ఒక నిమిషం ఆలోచించి, 'ఈ రూలు రాసింది ఎవరు, వాళ్ళేనా?' అన్నాడు. ఒకరకంగా అవును. 1945లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఐదుగురు పెద్దలు ఒప్పుకుంటేనే ఆ పత్రం పుట్టింది, అందులో చైనా ఒకటి. అయితే అది మావో చైనా కాదు, చాంగ్ కై షేక్ చైనా.

పలాస బావ మాట, మనమే వచ్చెయ్యడం. అలా వచ్చేసినవాళ్ళు ఉన్నారు. మలేసియాకి భద్రతామండలిలో సీటు దొరికిందని అలిగి ఇండొనేసియా 1965 జనవరిలో సమితి వదిలి వెళ్ళింది. మరుసటి ఏడు సెప్టెంబరులో తిరిగి వచ్చి తన కుర్చీలో కూర్చుంది.  ఇంతకన్నా ముచ్చటైన కథ 1950లోది. కమ్యూనిస్టు చైనాకి సీటు ఇవ్వలేదని సోవియట్ ప్రతినిధి మండలికి రావడం మానేశాడు. ఆ మానేసిన నెలల్లోనే కొరియా యుద్ధం వచ్చింది. వీటో వేసేవాడు గదిలో లేడు గనక అమెరికా కోరిన తీర్మానాలు చకచకా నెగ్గిపోయాయి. ఆగస్టులో పరిగెత్తుకుంటూ వచ్చి కూర్చున్నాడు. డ్యూటీలో అలిగి కుర్చీ వదిలిన స్టేషను మాస్టరు గతి ఏమవుతుందో అదే అయింది.

ఇంతకీ జనం కోపం వీటో మీదేనా? నాకు అనుమానం. 1971 డిసెంబరులో నాకు పదహారేళ్ళు. బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో మా వరసలో రేడియో ఉన్న ఇల్లు ఒకటే. చలికి గోనెసంచులు కప్పుకుని దాని చుట్టూ కూర్చునేవాళ్ళం. బంగ్లాదేశ్ యుద్ధం నడుస్తోంది. కాల్పులు ఆపాలని, సైన్యాలు వెనక్కి వెళ్ళాలని మండలిలో తీర్మానం పెడితే రష్యా వీటో చేసింది. నాలుగో తేదీన ఒకటి, ఐదున ఇంకొకటి, పదమూడున మరొకటి. ప్రతిసారీ క్వార్టర్ల వరసంతా ఈలలు. భిలాయి ఉక్కు కర్మాగారం కట్టడానికి వచ్చిన రష్యావాళ్ళని చూసినవాళ్ళు మాలో ఉన్నారు, వాళ్ళు ఆ రోజు సొంత బావమరుదుల గురించి చెప్పినట్టు చెప్పారు. అంతకుముందు 1957లో కాశ్మీర్ మీద, 1961 డిసెంబరు 18న గోవా మీద, 1962లో మళ్ళీ కాశ్మీర్ మీద రష్యా మన కోసం వీటో వేసింది. అప్పుడు వీటో అన్యాయమని మన వాడలో ఎవరూ అనలేదు. నేనూ అనలేదు, నేనూ ఈల వేశాను. ఒక్క దేశం చెయ్యి అడ్డం పెట్టి నూరు దేశాల మాట ఆపడమేమిటన్న ప్రశ్న మనకి పుట్టింది, ఆ చెయ్యి మన ఎదుటివాడిది అయిన తరవాతే.

1971లోనే, యుద్ధానికి ముందే, అక్టోబరు 25న, 2758 నంబరు తీర్మానంతో బీజింగ్ ప్రభుత్వానికి చైనా సీటు దక్కింది. అనుకూలం 76, వ్యతిరేకం 35, తటస్థం 17. ఆ 76లో మన ఓటు ఉంది. ఈ మాట చాయ్ బండి దగ్గర చెబితే నన్నే అనుమానంగా చూస్తారు. ఇంకో ముక్క చెబితే అసలు నమ్మరు. 1962 అక్టోబరు 20న చైనా సైన్యం మన సరిహద్దు మీద పడింది. అదే నెల 30న బీజింగ్‌కి సీటు ఇవ్వాలా వద్దా అని సమితిలో ఓటింగు వచ్చింది. మనం ఇవ్వాలనే వేశాం. గదిలోకి రానిచ్చి రూళ్ళకి లోబడేట్టు చెయ్యడమే నయం, బయట ఉంచితే జవాబుదారీ ఉండదన్నది మన ప్రతినిధి వాదన. అమాయకత్వం అనేవాళ్ళు ఉన్నారు. నాకు మాత్రం అది అమాయకత్వంలా కనిపించదు. బయట తిరిగే బండికి ఏ సిగ్నలూ లేదు. అయితే లోపలికి వచ్చిన చైనా మొదటి వీటో ఎవరి మీద వేసిందనుకున్నారు? 1972 ఆగస్టు 25న, బంగ్లాదేశ్ సభ్యత్వం మీద. ఆ కొత్త దేశం 1974 సెప్టెంబరు దాకా గుమ్మం బయట ఆగింది.

నెహ్రూ మనకి వచ్చిన సీటుని చైనాకి ధారపోశాడన్న కథ ఫోన్లలో ఏటా ఒకసారి తిరుగుతుంది. 1950లో అమెరికా వైపు నుంచి ఒక కదలిక, 1955లో సోవియట్ బుల్గానిన్ నోట ఒక మాట రావడం నిజమే. చైనాని తోసి ఆ కుర్చీలో మేం కూర్చోం అని నెహ్రూ అనుకున్నదీ నిజమే. కానీ చార్టర్ మారాలి, ఐదుగురూ సంతకం పెట్టాలి, అది అప్పుడు జరిగే పని కాదు. అలాంటి ప్రతిపాదన ఏదీ రాలేదని ఆయన 1955 సెప్టెంబరు 27న లోక్‌సభలోనే చెప్పాడు. ఈ తగవు తీరేది కాదు, ముందుకు పోదాం.

2020 జూన్. గల్వాన్. పదిహేనో తేదీ రాత్రి చైనా సైనికులతో ఘర్షణలో ఇరవై మంది మనవాళ్ళు పోయారు. మాకు ఆ వార్త రెండు వైపుల నుంచి తగిలింది. బిహార్ రెజిమెంట్ 16వ బెటాలియన్ నడిపిన కర్నల్ సంతోష్ బాబు సూర్యాపేట బిడ్డ. అదే బెటాలియన్‌లో సిపాయి గణేశ్ రామ్ కుంజాం మా ఛత్తీస్‌గఢ్ కాంకేర్ జిల్లా గిరిజన కుర్రాడు. మా ఇంట్లో ఒకే రోజు తెలుగు చానెల్లో ఒక తల్లి, హిందీ చానెల్లో ఇంకో తల్లి. సింధీ ఆయన దుకాణంలో దీపావళికి తెచ్చి మిగిలిపోయిన చైనా సీరియల్ బల్బుల తోరణాలు ఉండేవి. ఆయన ఆ వారం కూర్చుని ఒక్కొక్క డబ్బా మీది స్టిక్కరు గోరుతో గీకాడు. కొన్ని పెట్టెల మీద జిగురు అలాగే ఉండిపోయి దుమ్ము అంటుకుంది. 'అమ్మను' అన్నాడు. ఆ అక్టోబరులో అమ్మాడు. ధర కొంచెం పెంచాడు కూడా. అప్పటికే డబ్బు పెట్టి కొన్న సరుకు, చెత్తకుండీలో ఎలా వేస్తాడు?

ఇప్పుడు తారీఖులు చూడండి. గల్వాన్ జూన్ 15. జూన్ 17న న్యూయార్క్‌లో మనదేశం రెండేళ్ళకి భద్రతామండలి సభ్యత్వానికి ఎన్నికైంది. పడిన 192 ఓట్లలో మనకి 184. ఆసియా పసిఫిక్ వర్గం తరఫున ఆ సీటుకి మన పేరు అంతకు ఏడాది ముందే ఖాయమైంది. ఆ వర్గంలోని 55 దేశాలూ ఏకగ్రీవంగా ఒప్పుకున్నాయి, చైనా, పాకిస్తాన్ కలిపి. అదే జూన్ 17న బీజింగ్‌లోని ఆసియా మౌలిక సదుపాయాల పెట్టుబడి బ్యాంకు, ఏఐఐబీ అంటారు, కోవిడ్ సాయం కింద మనకి 75 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది. 19న మన ప్రభుత్వం సంతకం పెట్టింది. మే నెలలో అప్పటికే 50 కోట్లు ఇచ్చింది. గల్వాన్ చితులు ఆరకముందే సంతకాలా అని ఆ వారం కొందరు రాశారు. వాళ్ళ బాధ అర్థమైంది, వాళ్ళ వాదన మాత్రం నాకు ఎక్కలేదు.

ఎందుకంటే ఆ బ్యాంకు చైనా సొంత దుకాణం కాదు. 2016 జనవరిలో తెరిచారు, మొదటినుంచీ మనం అందులో వాటాదారులం, చైనా తరవాత రెండో పెద్ద వాటా మనదే. చైనాకి ఓట్లలో నూటికి 26 పైన ఉన్నాయి. పెద్ద నిర్ణయాలకి నూటికి 75 కావాలి గనక చైనా కాదంటే అవి ఆగుతాయి. ఇక్కడా వీటో ఉందన్నమాట. అయితే వాషింగ్టన్‌లోని ఐఎంఎఫ్‌లోనూ ఇంతే. అక్కడ పెద్ద పనులకి 85 కావాలి, అమెరికా చేతిలో పదహారున్నర ఉన్నాయి. ప్రపంచబ్యాంకు అధ్యక్షుడు మొదటినుంచీ అమెరికా పౌరుడే. ఇప్పుడున్న అజయ్ బంగా మన బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదువుకున్నాడని మనం మురిసిపోతాం, కానీ ఆయన ఆ కుర్చీ ఎక్కింది అమెరికా అభ్యర్థిగా. చందా ఎక్కువ ఇచ్చినవాడి పేరు పందిరి మీద పెద్దక్షరాలతో రాస్తారు. సమితి ఖర్చుల్లో 2025 నుంచి 2027 దాకా అమెరికా వాటా నూటికి 22, చైనాది 20. మనది ఒకటి పైచిలుకు.

ఏఐఐబీ నుంచి అందరికన్నా ఎక్కువ అప్పు తెచ్చుకున్నది మనమే. అందులో మన దేశానికి వచ్చిన మొదటి అప్పు ఎక్కడికి పోయిందో చెప్పండి? ఆంధ్రప్రదేశ్‌కి. 2017లో ఇరవై నాలుగు గంటల విద్యుత్తు పథకానికి 16 కోట్ల డాలర్లు, ప్రపంచబ్యాంకుతో కలిసి. సబ్‌స్టేషన్లు, లైన్లు బాగుచేయడానికి. మరుసటి ఏడు గ్రామీణ రోడ్లకి 45 కోట్ల 50 లక్షల డాలర్లు. అమరావతికి 20 కోట్లు అనుకున్నారు. 2019 జులైలో ప్రపంచబ్యాంకు తప్పుకుంటే ఇదీ దాని వెనకే తప్పుకుంది. గల్వాన్ వారం మా బావమరిది బొబ్బిలి నుంచి ఫోన్ చేసి చైనావాడి గాలి కూడా మనకి వద్దన్నాడు. వెనక ఫ్యాను తిరుగుతున్న చప్పుడు నాకు ఫోన్లో వినిపిస్తోంది. ఏమీ అనలేదు. అలాంటి రోజున అలాంటి మాట అనకూడదు.

ప్యూ అనే అమెరికా సర్వే సంస్థ లెక్కల్లో 2019లో చైనా మీద చెడ్డ అభిప్రాయం ఉన్న భారతీయులు నూటికి 46. 2023కి 67. వాళ్ళు అడిగిన మధ్యాదాయ దేశాల్లో సగానికి పైగా జనం చైనా అంటే పడదన్నది మన ఒక్క దేశంలోనే. నాకు ఆ అంకెలో వింత కనిపించలేదు. గల్వాన్ ఉంది మధ్యలో. మా వైపు ఇంకా పాత జ్ఞాపకం ఒకటి ఉంది. 2009 సెప్టెంబరు 23న కోర్బాలో కడుతున్న విద్యుత్ ప్లాంటు పొగగొట్టం వానలో కూలి నలభై మంది దాకా కూలీలు నలిగిపోయారు. ఆ ప్లాంటు నిర్మాణ కాంట్రాక్టు చైనా కంపెనీది. కాకపోతే 'చైనా మీద మీ అభిప్రాయం ఏమిటి' అన్న ప్రశ్నకి జవాబు చెప్పేవాడు సరిహద్దునీ, పొగగొట్టాన్నీ, బల్బుల తోరణాన్నీ, సమితిలో వీటోనీ అన్నీ ఒక్క మూటలో కట్టి ఇస్తాడు. ఆ మూటతో ఢిల్లీవాళ్ళు ఏం చెయ్యాలి? ఏ కమిటీలో ఏ ఓటు వెయ్యాలో అందులో లేదు.

మొదట్లో ఆపిన బండి దగ్గరికి వస్తాను. 2019 మార్చి 13న చైనా అడ్డం పడ్డాక ఏం జరిగింది? అప్పుడు సమితిలో మన శాశ్వత ప్రతినిధి సయ్యద్ అక్బరుద్దీన్, హైదరాబాద్ వాడు. ఆయనకి ఆ గదిలో కుర్చీ లేదు, మనం అప్పుడు మండలిలో సభ్యులం కాదు. గది బయట తిరిగి తిరిగి పని చేయించుకోవాలి. మార్చి 27న అమెరికా ఒక ఎత్తు వేసింది. కమిటీని వదిలి, అజర్ మీద నేరుగా భద్రతామండలిలోనే తీర్మానం ముసాయిదా తిప్పింది. బ్రిటన్, ఫ్రాన్స్ వెనక నిలబడ్డాయి. దీని అర్థం ఏమిటంటే, ఇప్పటిదాకా మూసిన గదిలో చెవిలో చెప్పిన 'వద్దు'ని తెరిచిన గదిలో, కెమెరాల ముందు, చెయ్యెత్తి చెప్పాలి. ఎందుకు వద్దో ఉపన్యాసం ఇవ్వాలి. అది రికార్డులో శాశ్వతంగా ఉంటుంది. చైనాకి బాగా కోపం వచ్చింది, కమిటీని పక్కన పెట్టడం తప్పని అంది. రిజిస్టరు తెరిచి ముందు పెట్టారు మరి. రాయమన్నారు.

మే 1న చైనా హోల్డ్ ఎత్తేసింది. అజర్ పేరు జాబితాకి ఎక్కింది. పూర్తి గెలుపు అనలేం. జాబితాలో రాసిన కారణాల్లో పుల్వామా పేరు లేదు, ఆ మేరకు మాదే పైచేయి అని పాకిస్తాన్ చెప్పుకుంది. చైనా ఆ తరవాత మారిపోయిందీ లేదు. 2022 జూన్‌లో అబ్దుల్ రెహ్మాన్ మక్కీ పేరు మళ్ళీ ఆపింది, 2023 జనవరిలో వదిలింది. సాజిద్ మీర్ పేరు ఆపింది. కానీ రిజిస్టరు సంగతి పెద్ద దేశాలకే కాదు, చిన్నవాళ్ళకీ తట్టింది. లీచ్టెన్‌స్టీన్ అనే బుల్లి దేశం, మా బోద్రీ, చకర్‌భాఠా, బిలాస్‌పూర్ కలిపితే జనంలో దానికి ఎన్నో రెట్లు, 2022 ఏప్రిల్ 26న సర్వసభ్యసభలో ఒక తీర్మానం నెగ్గించింది. మండలిలో ఎవరు వీటో వేసినా పది పనిదినాల్లో సభ సమావేశమై దాని మీద చర్చ పెట్టాలి. వీటో పోదు. వేసినవాడి సంగతి అందరి ముందు చర్చకి వస్తుంది. అయితే ఇది మండలిలో బాహాటంగా వేసే వీటోకే, కమిటీ గదిలో హోల్డ్‌కి కాదు. ఆ గది తలుపు ఇంకా మూసే ఉంది. దాన్ని తెరవమని అడిగే హక్కు మనకి ఉంది, ఎంత గట్టిగా అడిగినా తప్పు లేదు. మున్షీ చెప్పినట్టు స్టేని తిట్టి లాభం లేదు గానీ, స్టే ఆర్డరుకి కారణాలు రాయమని అడగడం ఏ కోర్టులోనైనా న్యాయమే.

మే 1 రాత్రి టీవీలో ఈ వార్త చూసి నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి. సంతోషంతో. మర్నాడు పొద్దున్నే చాయ్ బండి దగ్గరికి వెళ్ళాను. సింధీ ఆయన రాలేదు. మున్షీ ఎండకి తల మీద తువ్వాలు వేసుకుని కూర్చున్నాడు. పలాస బావ ఒక్కడే నిలబడి ఫోన్ చెవికి పెట్టుకుని ఎవరినో కేకలేస్తున్నాడు. బంగాళాఖాతంలో ఫణి తుపాను. భద్రక్ నుంచి విజయనగరం దాకా బండ్లు రద్దు చేస్తున్నారు. ఆ వారంలోనే పలాసలో వాళ్ళ అన్న కూతురి పెళ్ళి, ఇంటిల్లిపాదికీ టికెట్లు తీశాడు.

నేను వెళుతూనే, 'బావా, లైన్ క్లియర్ వచ్చీసింది' అన్నాను.

ఫోన్ చటుక్కున దించాడు. 'ఎక్కడిదాకా? పలాస దాకా ఇచ్చారా?'

'బండికి కాదు. మసూద్ అజర్‌కి. చైనా ఒప్పుకుంది.'

ఒక్క క్షణం నా ముఖంలోకి చూశాడు. 'ఓస్, అదా' అని, మళ్ళీ ఫోన్ ఎత్తి బండి నంబరు నొక్కడం మొదలెట్టాడు.